సాల్టేర్‌లో పాత ఇంటికి కిటికీలు మార్చుకున్నాం: నా అనుభవం

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని సాల్టేర్‌లో ఇల్లు కొంటున్నామని చెప్పగానే లీడ్స్‌లో ఉన్న మన తెలుగు స్నేహితులు చాలామంది వద్దన్నారు. అది గ్రేడ్ 2 లిస్టెడ్ ఇల్లు (అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వం రక్షిత జాబితాలో పెట్టినది), గోడకు మేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలి, చలికి ఉండలేరు, రేపు అమ్ముకోవడమూ కష్టం అని తలా ఒక మాట. మేకు కొట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కిటికీ మార్చడానికి మాత్రం కావాలి. ఆ పర్మిషన్ తెచ్చుకుని, కిటికీలు మార్చుకుని, ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నాం. ఇలాంటి ఇల్లు చూసి మనసుపడి, భయపడి వదిలేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఊరి గురించి చెప్పాలి. టైటస్ సాల్ట్ అనే ఉన్ని మిల్లుల యజమాని 1848-49లో బ్రాడ్‌ఫర్డ్‌కు మేయర్‌గా ఉన్నాడు. 1849లో ఆ ఊళ్లో కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. పొగ, మురికి నిండిన ఆ నగరంలో మిల్లులు పెంచడం మానేసి, బయట ఎయిర్ నది పక్కన, లీడ్స్-లివర్‌పూల్ కాలువ ఒడ్డున కొత్త ఊరే కట్టడం మొదలుపెట్టాడు. మిల్లు 1853లో తెరిచారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చే అల్పాకా ఉన్నితో బట్ట నేసేవాళ్లు. తర్వాతి పాతికేళ్లలో పనివాళ్ల కోసం ఎనిమిది వందలకు పైగా రాతి ఇళ్లు లేచాయి. బడి, ఆసుపత్రి, చర్చి, స్నానాల గది, బట్టలుతికే చోటు, ముసలివాళ్లకు ఉచిత నివాసాలు, పార్కు అన్నీ కట్టించాడు. సారాకొట్టు మాత్రం కట్టనివ్వలేదు. వీధులకు భార్య కారొలైన్ పేరు, పిల్లల పేర్లు, ఆఖరికి ఊరు గీసిన ఆర్కిటెక్టులు లాక్‌వుడ్, మాసన్‌ల పేర్లు కూడా పెట్టాడు. మామూలు కార్మికుల ఇళ్లు చిన్నవి, సూపర్‌వైజర్లవి పెద్దవి. ఎవరి హోదా ఏమిటో వీధిలో నడుస్తుంటే ఇప్పటికీ తెలిసిపోతుంది. మాది చిన్న ఇల్లు. తలుపు తీస్తే నేరుగా ఫుట్‌పాత్ మీదికే.

నాకు ఈ ఊరు ఇంతగా పట్టుకోవడానికి వేరే కారణం ఉంది. మాది వరంగల్. మా తాత ఆజంజాహీ మిల్లులో సాంచాల మీద పనిచేశాడు. 1934లో ఏడో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది. సైరన్ మోగితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేదని నాన్న ఇప్పటికీ చెబుతాడు. ఆ మిల్లు మూతపడింది, సాంచాలు పోయాయి, స్థలం ప్లాట్లయింది. మా తాత ఎక్కడ నిలబడి పనిచేశాడో మా పిల్లలకు చూపిద్దామంటే ఏమీ మిగల్లేదు. సాల్టేర్ మిల్లు కూడా 1986లో మూతపడింది. మరుసటి ఏడాదే జొనాథన్ సిల్వర్ అనే స్థానిక వ్యాపారి దాన్ని కొని, బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలతో గ్యాలరీ పెట్టాడు. తర్వాత పుస్తకాల షాపు, హోటళ్లు, ఆఫీసులు వచ్చాయి. మన రామప్ప గుడి 2021లో చేరిన యునెస్కో జాబితాలో ఈ ఊరు 2001లోనే చేరింది. మొదటిసారి ఆ మిల్లు లోపల నడిచినప్పుడు నాకు ఆనందం కన్నా కడుపుమంట ఎక్కువైంది. మూతపడిన మిల్లును ఇలా కూడా నిలబెట్టుకోవచ్చు కదా అనిపించింది.

ఇక అసలు పని. మేం చూసిన ఇంటికి ముందువైపు తెల్ల ప్లాస్టిక్ కిటికీలు ఉన్నాయి. ఎప్పుడో ఒక పాత యజమాని పెట్టించినవి. మా సొలిసిటర్ (ఇంటి కాగితాలు చూసే లాయరు) అడిగిన మొదటి ప్రశ్న: ఇల్లు లిస్టులోకి ఎక్కకముందు పెట్టినవా, తర్వాతా? ముందే పెట్టినవైతే చిక్కు లేదు. తర్వాతవై, పర్మిషన్ కాగితం లేకపోతే చిక్కే. ఎందుకంటే లిస్టెడ్ ఇంట్లో అనుమతి లేకుండా మార్పు చేయడం నేరం. దాన్ని సరిచేయించమని కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, ఎన్నేళ్ల తర్వాతైనా అడగవచ్చు. ఆ నోటీసు అప్పుడు ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లకే వస్తుంది. అమ్మేవాళ్ల దగ్గర కాగితం లేదు. ఇద్దరి సొలిసిటర్లూ మాట్లాడుకుని ధర కొంత తగ్గించారు. ఇలాంటి ఇల్లు చూస్తున్నవాళ్లు ఈ ప్రశ్న కిటికీల గురించే కాదు, పైకప్పు కిటికీ, కొత్త బాయిలర్ పొగగొట్టం, కూల్చేసిన లోపలి గోడ, అన్నిటి గురించీ అడిగించండి. కొనేముందు ఇంటి పరిస్థితి చూసి ఇచ్చే సర్వే కూడా పైపైది కాకుండా అన్నిటికన్నా వివరంగా ఉండే లెవల్ 3 చేయించడం మంచిది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇది లిస్టెడ్ ఇల్లని ముందే చెప్పాలి.

ఇల్లు చేతికొచ్చాక లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్‌కు, అంటే ఇలాంటి ఇంట్లో మార్పులకు కౌన్సిల్ ఇచ్చే అనుమతికి, దరఖాస్తు పెట్టాం. "కిటికీ మార్చాల్నంటె గూడ సర్కారు పర్మిషనా బిడ్డా?" అని నాన్న వీడియో కాల్‌లో ఆశ్చర్యపోయాడు. దరఖాస్తు ప్లానింగ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. దీనికి ఫీజు లేదు, అది చాలామందికి తెలియదు. ఖర్చంతా డ్రాయింగులకే. ఇల్లు ఎక్కడుందో చూపే 1:1250 మ్యాప్, ఇప్పుడున్న ముఖభాగం, మారబోయే ముఖభాగం, కిటికీ చెక్కల మందం, మలుపు కనిపించేలా పెద్ద స్కేలులో అడ్డుకోత బొమ్మలు కావాలి. వీటితోపాటు హెరిటేజ్ స్టేట్‌మెంట్ ఒకటి. ఈ ఇంటికి చరిత్రలో ఉన్న విలువ ఏమిటి, మన మార్పు వల్ల ఆ విలువ పెరుగుతుందా తగ్గుతుందా అన్నది అందులో రాయాలి. కన్సల్టెంట్‌తో రాయించవచ్చు. మేం మాత్రం కౌన్సిల్ సాల్టేర్ ఇళ్ల మీద వేసిన మార్గదర్శకాలు చదివి, మా ఆవిడా నేనూ కూర్చుని రాసుకున్నాం. ఊరి గురించి నాకు లోతుగా తెలిసింది ఆ రాతలోనే.

అన్నిటికన్నా ముఖ్యం వడ్రంగి. కర్ర సాష్ కిటికీలు, అంటే పైకీ కిందికీ జరిగేవి, చేసిన అనుభవం ఉన్నవాణ్నే పట్టుకోవాలి. పక్కన దాగిన పెట్టెలో తాడుకు వేలాడే బరువుల మీద ఆ కిటికీ తూగుతుంది. మా వీధిలోనే అసలు కిటికీలు నిలిచిన ఇల్లొకటి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ ఎంతో సంతోషంగా కొలతలు తీసుకోనిచ్చింది, టీ కూడా ఇచ్చింది. ఆ కొలతల ప్రకారం వడ్రంగే డ్రాయింగులు గీశాడు. బయట పాత తీరులో ఒంటి అద్దం, చలి కోసం లోపల వేరే సన్నటి ఫ్రేములో రెండో అద్దం అని ప్రతిపాదించాం.

దరఖాస్తు నమోదయ్యాక మామూలుగా ఎనిమిది వారాల్లో నిర్ణయం చెప్పాలి. ఈలోగా ఇంటి దగ్గర నోటీసు పెడతారు, ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు. నాకు ఆ రోజుల్లో టెన్షన్‌గానే ఉండేది. మధ్యలో పాత కట్టడాల సంగతి చూసే కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్ ఇంకో అడ్డుకోత బొమ్మ అడిగారు, ఇచ్చాం. అనుమతి కొన్ని షరతులతో వచ్చింది. పని మూడేళ్లలోపు మొదలుపెట్టాలన్నది అందులో ఒకటి. ఖర్చు గురించి ఒక మాట: లిస్టెడ్ ఇళ్లలో అనుమతి ఉన్న మార్పులకు ఒకప్పుడు వ్యాట్ ఉండేది కాదు. 2012 అక్టోబరు నుంచి ఆ రాయితీ తీసేశారు, ఇప్పుడు 20 శాతం కట్టాలి. పాత ఇల్లు బాగుచేసుకునేవాళ్ల మీద ఈ పన్ను వేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

చలికాలం గురించి స్నేహితులు భయపెట్టినంత లేదు. రెండో అద్దం వల్ల గాలి రాదు, రైళ్ల చప్పుడూ తగ్గింది. తేమ మాత్రం ఉంది. ఈ రాతి గోడలు సున్నంతో కట్టినవి, లోపలి తేమ ఆ సున్నం సందుల్లోంచే బయటికి పోవాలి. ఎవరో సిమెంటు పూస్తే తేమ రాతిలోనే ఉండిపోతుంది. డంగు సున్నంతో కట్టిన మా తాత ఇంటి గోడలకు నాన్న సిమెంటు పూయించాక చెమ్మ ఎందుకొచ్చిందో నాకు ఇక్కడే అర్థమైంది.

చూడటానికి వచ్చేవాళ్లు దయచేసి కారులో రావద్దు. వీధులు ఇరుకు, పార్కింగ్ మాకే దొరకదు. లీడ్స్ నుంచి, బ్రాడ్‌ఫర్డ్ నుంచి రైళ్లు మిల్లు పక్కనే ఆగుతాయి. మిల్లులోకి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. కాలువ ఒడ్డు, 1859 నాటి చర్చి చూసి, వంతెన దాటి రాబర్ట్స్ పార్కులోకి వెళ్లండి. వీధుల్లో తిరిగేటప్పుడు కిటికీల్లోంచి తొంగిచూడకండి, లోపల మేం అన్నం తింటూ ఉంటాం. తలుపుల ముందు ఫొటోలు మాత్రం నిస్సంకోచంగా తీసుకోండి.

వెనకగోడకు సిమెంటు తీయించి సున్నం పెట్టించాలనుకుంటున్నాం. దానికి కన్సెంట్ కావాలో అక్కర్లేదో చెప్పమని కౌన్సిల్‌కు ఫొటోలు పంపాను.