ఐసీయూలో బెడ్ సోర్ వస్తే తిప్పకపోవడం ఒక్కటే కారణమా?

ఐసీయూ పేషెంట్‌కి బెడ్ సోర్ వచ్చిందని చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "మీరు సరిగ్గా తిప్పలేదా సిస్టర్?" అడగాల్సిన ప్రశ్నే, కాదనను. నిజంగానే తిప్పని చోట్లు కూడా ఉంటాయి. కానీ టైముకి తిప్పుతూ, గాలి పరుపు వేసి, తడి లేకుండా చూసుకున్నా కొంతమందికి పుండు పడుతుంది.

పడుకున్నప్పుడు ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన చోట రక్తం సరిగ్గా ఆడదు. మామూలుగా అయితే నొప్పో తిమ్మిరో తెలిసి, నిద్రలోనే ఒత్తిగిలుతాం. వెంటిలేటర్ మీద, మత్తులో ఉన్న మనిషికి నొప్పి తెలియదు, తెలిసినా కదల్లేడు.

ఇక బయటివాళ్లకి పెద్దగా తెలియనిది బీపీ మందుల సంగతి. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి బీపీ పడిపోయినప్పుడు నార్‌అడ్రినలిన్ లాంటివి ఎక్కిస్తారు. అవి రక్తనాళాలను బిగించి బీపీని నిలబెడతాయి, ప్రాణం కాపాడేది అవే, కానీ ఆ బిగింపులో చర్మానికి, మడమలకి, వేళ్లకి వెళ్లే రక్తం తగ్గిపోతుంది, అసలే రక్తం అంతంతమాత్రంగా అందుతున్న చర్మం మామూలు మనిషి తట్టుకునే ఒత్తిడిని కూడా తట్టుకోలేదు. పైగా ఇలాంటి పేషెంట్‌ని కాస్త పక్కకి తిప్పితే చాలు, మానిటర్ మీద బీపీ జారిపోతుంది. అప్పుడు మాకు టెన్షన్. పూర్తిగా తిప్పలేక కొద్దికొద్దిగా వాలుస్తూ, బరువు పడే చోటు మారుస్తూ నెట్టుకొస్తాం.

తలవైపు మంచం ఎత్తడం ఇంకో తలనొప్పి. వెంటిలేటర్ పేషెంట్‌కి నిమోనియా రాకుండా 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి పెట్టాలి. అలా ఎత్తితే మనిషి మెల్లగా కిందికి జారతాడు, చర్మం పరుపుకి అంటుకుని ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం దిగుతుంది. ఆ లాగుడు పడేది నడుము కింద తోక ఎముక దగ్గరే. ఊపిరితిత్తుల కోసం చేసింది చర్మానికి చేటు, రెండిట్లో దేన్నీ వదల్లేం.

విరేచనాలు, చెమట, షుగర్, వయసు, బక్కచిక్కిన ఒళ్లు, డయాలసిస్ కూడా ఈ పుండ్ల రిస్క్ పెంచేవే. 2018 మే 15న 90 దేశాల్లో 1,117 ఐసీయూల్లో ఒకే రోజు 13,254 మంది పేషెంట్లను చూసి చేసిన సర్వేలో 26.6 శాతం మందికి పుండ్లు కనిపించాయి, ఐసీయూలో చేరాక వచ్చినవే 16.2 శాతం. తోక ఎముక, మడమలే ఎక్కువ దెబ్బతిన్నాయి.

పుండు పడే రిస్క్ ఎంతో తెలుసుకోడానికి తడి, కదలిక లాంటి వాటికి విడివిడిగా మార్కులు వేసి కూడతాం, దాన్నే బ్రేడెన్ స్కోరు అంటారు. అది 6 నుంచి 23 దాకా ఉంటుంది, 18 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే రిస్క్ ఉన్నట్టు. ఐసీయూలో దాదాపు అందరూ ఆ గీత కిందే ఉంటారు! అందుకే మొత్తం అంకె కంటే తడికి ఎంత పడింది, కదలికకి ఎంత పడింది అని విడివిడిగా చూడటమే మేలని నా అభిప్రాయం. పైగా అందులో బీపీ మందుల లెక్కే లేదు.

పరుపు వల్ల కాకుండా మనం తగిలించినవాటి వల్ల వచ్చే పుండ్లూ ఉన్నాయి. మాస్కు కింద ముక్కు దూలం, ట్యూబు కట్టిన పెదవి మూల, ఆక్సిజన్ గొట్టం ఒరుసుకునే చెవి వెనక, వేలి క్లిప్పు. బోర్లా పడుకోబెడితే నుదురు, గడ్డం, మోకాళ్లు. వీటి కింద చర్మం ఎలా ఉందో రోజూ చూడాలి, కానీ పని ఒత్తిడిలో ముందు వదిలేసేది ఇదే.

నల్లటి చర్మం మీద ఎరుపు సరిగ్గా కనబడదు. చేత్తో తాకి చూడాలి, చుట్టుపక్కల కంటే వేడిగానో, చల్లగానో, గట్టిగానో ఉంటే అనుమానించాలి. లోపలికి వచ్చే ఇంట్లోవాళ్లకి కూడా రెండు మాటలు. రంగు మారిన చోట నూనె రాసి మర్దన చేయకండి, లోపల దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో చిల్లు ఉన్న రింగు దిండ్లు తేవద్దు, ఆ అంచు ఒత్తిడికి మధ్యలోకి రక్తం రాదు. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు ఉందో లేదో చూడండి, లేకపోతే మమ్మల్ని పిలిచి అడగండి.