కాక చెవిలో ఉండిపోయిన పని

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరగా, పత్తి నుంచి గింజను వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో నేను లెక్కలు, రికార్డులు చూస్తాను. మా పెద్ద ఫిట్టర్‌ను అందరం కాకా అని పిలిచేవాళ్లం. గింజ తీసే యంత్రమైన డబుల్ రోలర్ జిన్నులో తోలు రోలరుకు కత్తి ఎంత ఆనుకొని ఉండాలో, రోలరు మీది గాడులు అరిగిపోతే మళ్లీ ఎప్పుడు వేయాలో ఆయన చప్పుడును బట్టి చెప్పేవారు. పత్తి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఈ పూట దీన్ని ఆడించవద్దని ఆయన అంటే, తర్వాత తేమ మీటరు కూడా ఆ మాటనే చెప్పేది. 12 శాతం తేమ దాటిన పత్తిని ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ కొనదు కనుక ఆ అంకె మా అందరికీ తెలుసు. కుప్పలో అడుగున ఏముందో మాత్రం ఆయన చేతికే తెలుసు.

ఆయన పని విరమించిన రోజున శాలువా కప్పి సాగనంపాం. ఆయనకు తెలిసినదాన్ని ఎవరికి అప్పగించాలన్న ఆలోచన యాజమాన్యానికి రాలేదు, నాకూ రాలేదు. దానికి బదులు నేను 22 గడుల ఫారం ఒకటి తయారుచేసి, ప్రతి యంత్రం దగ్గరా గంటగంటకూ నింపాలని చెప్పాను. ఆపరేటర్లు దాన్ని షిఫ్టు చివర ఒక్కసారే నింపేవారు. అది వాళ్ల తప్పని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ గడుల్లో ఒక్కటి కూడా వాళ్లను అడిగి పెట్టినది కాదు. సంక్రాంతి ముందు పత్తి ముమ్మరంగా వస్తున్న రోజుల్లో జిన్నులు మాటిమాటికీ ఆగాయి, గింజ చితికి దూదిలో కలిసింది, దూదిని అదిమి కట్టిన 170 కిలోల బేళ్లు కొన్ని వెనక్కి వచ్చాయి.

ఇలాంటి చిక్కే జపాన్‌లోనూ ఒకసారి వచ్చింది. 1980లలో అక్కడ మత్సుషిత (ఇప్పటి పానసోనిక్) సంస్థ ఇంట్లో బ్రెడ్ చేసే యంత్రాన్ని రూపొందిస్తున్నప్పుడు పిండి సరిగ్గా కుదరకపోతే, ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలోని ఒక హోటల్‌లో రొట్టెల నిపుణుడి దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పే తీరును కనిపెట్టారు. ఆయనను ప్రశ్నలడిగి రాసుకుంటే అది దొరికేది కాదు, పక్కన నిలబడి చేస్తేనే దొరికింది.

మేమూ ఇద్దరు యువ ఆపరేటర్లను వెంటబెట్టుకొని కాక ఇంటికి వెళ్లి బతిమాలాం. ఆయన వారం రోజులు మిల్లుకు వచ్చారు. "బిడ్డా, చప్పుడు మారుతది, జర చెవి వెట్టి ఇను" అంటూ ఒక్కొక్క యంత్రం ముందు వాళ్లను నిలబెట్టారు. బాగా నడిచే జిన్ను చప్పుడును, కత్తి సర్దవలసిన జిన్ను చప్పుడును ఫోన్లలో రికార్డు చేసి, ఆయన మాటల్నే ఆయన యాసలోనే రాసుకున్నాం. శుద్ధ వ్యాకరణంలోకి మారిస్తే ఆ మాటల్లో పదును పోతుందని నా నమ్మకం.

కొత్త పద్ధతిని ముందుగా ఒక్క యంత్రానికే పెట్టాం. ఆపరేటర్లే కొట్టివేయగా ఫారంలో 5 గడులు మిగిలాయి. షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్లు ఎక్కేవాళ్లతో పది నిమిషాలు యంత్రం ముందే మాట్లాడుకుంటారు. ఆ సమయానికీ కూలి కట్టివ్వాలని నేను పట్టుబట్టాను. దాని కోసం యాజమాన్యంతో నెల రోజులు వాదించవలసి వచ్చింది.

బేళ్ల ప్రెస్ దగ్గరి మేస్త్రి వచ్చే సీజను తర్వాత పని మానుకుంటున్నారు. ఈసారి శాలువా కొనకముందే ఆయన పక్కన ఇద్దరిని నిలబెట్టాం.