చిన్న స్టేషన్‌కి స్థానబలమే బలం

కాంటెస్ట్ (గడువులోగా వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడే రేడియో పోటీ) అనగానే చాలామంది హామ్స్‌కి, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్ళకి, ముందు కళ్ళముందు కదిలేది పెద్ద టవరు, దాని మీద గిర్రున తిరిగే బీము యాంటెన్నా, టేబుల్ కింద కిలోవాట్ యాంప్లిఫయరు. అవేవీ లేనివాళ్ళు మనకెందుకొచ్చిన గొడవలే అని ఆ వీకెండ్ రిగ్ (రేడియో సెట్టు) ఆన్ కూడా చెయ్యరు. అది వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే కాంటెస్టుల్లో నేను బాగా ఆనందించిన రోజులన్నీ ఆరుబయట గడిచినవే, బ్యాగులో పట్టే రిగ్గు, ఒక వైరు, ఒక బ్యాటరీ, లేదంటే కారు మీద ఒక విప్ యాంటెన్నా (పొడవాటి కడ్డీ). ఇంటి స్టేషన్‌నే కుదించి మోసుకెళ్తున్నాం అనుకుని బయల్దేరితే మాత్రం నిరాశే. పోర్టబుల్ ఆట వేరు, ఇక్కడ ఎన్ని వాట్లు అన్న ప్రశ్నకన్నా ముందు ఎక్కడ నిలబడ్డాం అన్నది చూసుకోవాలి. మనవాళ్ళు స్థానబలం అంటారు చూడండి, అదే.

ముందు నాయిస్ సంగతి. ఇళ్ళ మధ్య కూర్చుంటే ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు అన్నీ కలిసి 40 మీటర్ల బ్యాండ్ (తరంగం పొడవుని బట్టి ఆ పేరు) మీద ఎవరూ మాట్లాడకపోయినా సిగ్నల్ బలం చూపే మీటరు ఎస్6, ఎస్7 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. అదే రిగ్గు, అదే వైరు పట్టుకుని కరెంటు తీగలకి దూరంగా వెళ్ళి చూడండి, ఎస్1 కూడా ఉండదు ఒక్కోసారి. ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్స్, అంటే 30 డెసిబెల్స్ చెత్త ఒక్కసారిగా పోయినట్టు. హెడ్‌ఫోన్స్‌లో మొదట అంతా చచ్చినట్టు నిశ్శబ్దంగా అనిపించి యాంటెన్నా ఊడిందా అని కనెక్టర్ తిప్పి చూస్తాం, కాసేపటికి ఆ నిశ్శబ్దం అడుగునుంచి సన్నగా స్టేషన్లు లేస్తాయి, ఒకదాని కింద ఒకటి. దీనివల్ల మన సిగ్నల్ అవతలివాళ్ళకి ఏమీ పెరగదు, ఒప్పుకుంటాను. కానీ కాంటెస్ట్‌లో సగం పని వినడమే కదా, ఒక్కసారికే కాల్‌సైన్ (స్టేషన్‌కి పేరులాంటి అక్షరాల గుర్తు) పట్టేసి మళ్ళీ చెప్పమని అడగకుండా ముగించగలిగితే దానివల్ల మిగిలే టైము తక్కువేం కాదు.

పవర్ తగ్గితే ఏమవుతుంది అన్నది కూడా లెక్క వేసి చూస్తే భయం పోతుంది. 100 వాట్ల నుంచి 5 వాట్లకి దిగితే 13 డీబీ తగ్గుతుంది, రెండు ఎస్ యూనిట్ల కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఎస్9గా వినపడేవాడివి ఎస్7 దగ్గరకొస్తావు. ఆ రెండు యూనిట్లలో కొంత భాగాన్ని చోటే తిరిగి ఇచ్చేస్తుంది, ముఖ్యంగా సముద్రం ఒడ్డున. ఉప్పునీళ్ళ పక్కన వర్టికల్ (నిటారుగా నిలబెట్టే యాంటెన్నా) పెడితే ఆకాశానికి తక్కువ కోణంలో వెళ్ళే సిగ్నల్ మామూలు నేల మీదలాగా తగ్గిపోదు, దూరపు స్టేషన్లకి కావాల్సింది సరిగ్గా ఆ కోణమే. 20 మీటర్ల బ్యాండ్‌కి క్వార్టర్ వేవ్ (తరంగంలో పావు పొడవు) వర్టికల్ అంటే 5 మీటర్ల వైరు, ఒక ఫైబర్‌గ్లాస్ పోల్, కింద కొన్ని రేడియల్స్ (చుట్టూ పరిచే తీగలు), పదిహేను నిమిషాల పని. గుట్టలూ చెట్లూ ఉన్నచోట నేను ఇన్వర్టెడ్ వీకే (మధ్యలో పైకెత్తి రెండు చివరలూ కిందికి దించే వైరు యాంటెన్నా) ఓటేస్తాను, లేదా 40 మీటర్లకి సరిపోయే సుమారు 20 మీటర్ల ఎండ్‌ఫెడ్ (ఒక చివర నుంచే పవర్ ఇచ్చే) వైరు, 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో, దాని మీదే 20, 15, 10 మీటర్లు కూడా నడుస్తాయి. కాంటెస్ట్ మధ్యలో బ్యాండ్ మార్చడానికి లేచి వెళ్ళక్కర్లేకపోవడం చాలా పెద్ద సుఖం, ఆ సుఖం కోసం ఒకటి రెండు డీబీలు పోయినా నాకేం బాధ లేదు.

బ్యాటరీ దగ్గర మాత్రం లెక్క వెయ్యకుండా కదలకూడదు. 100 వాట్ల రిగ్గు ట్రాన్స్‌మిట్‌లో 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, సరే అది మాట్లాడినంతసేపే, కానీ ఊరికే వింటూ కూర్చున్నా సుమారు ఒక ఆంపియర్ పోతూనే ఉంటుంది, అంటే 24 గంటల కాంటెస్ట్‌లో వినడానికే 24 ఆంపియర్ అవర్లు. కేఎక్స్2 లాంటి చిన్న రిగ్గు రిసీవ్‌లో 0.15 ఆంపియర్ కూడా తీసుకోదు, అందుకే కాలినడకన వెళ్ళేవాళ్ళంతా ఆ జాతి రిగ్గులకే వెళ్తారు. ఇంకోటి, వైరు లావు. బ్యాటరీ నుంచి రిగ్గు దాకా పోయి వచ్చే వైర్లలో 0.05 ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి, 20 ఆంపియర్ల దగ్గర అక్కడే ఒక వోల్ట్ పోతుంది. చాలా రిగ్గులు 13.8 వోల్ట్‌కి 15 శాతం అటూఇటూ, అంటే 11.7 వోల్ట్ వరకే సరిగ్గా పనిచేస్తాయని కంపెనీలే రాస్తాయి. దిగితే డిస్‌ప్లే లైటు మోర్స్‌లో పంపే ప్రతి డాష్‌కీ మసకబారుతుంది, తర్వాత రిగ్గు దానంతటదే ఆగి మళ్ళీ ఆన్ అవుతుంది, సరిగ్గా మంచి మల్టిప్లయర్ (మొత్తం స్కోరుని హెచ్చించే కొత్త దేశమో జోనో) పిలిచినప్పుడే ఇది జరుగుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పొట్టి వైరు, లావు వైరు. దీంట్లో పొదుపు చెయ్యొద్దు.

ఇక ఆడే పద్ధతి. సీక్యూ డబ్ల్యూడబ్ల్యూ లాంటి 48 గంటల కాంటెస్ట్‌లో శనివారం పొద్దున్నే 5 వాట్లతో సీక్యూ కొట్టి (ఎవరైనా పలకండి అని పిలిచి) పైల్‌అప్ (మనల్ని ఒకేసారి పిలిచే గుంపు) కోసం ఎదురుచూడటం దండగ, పెద్ద స్టేషన్లు పక్క ఫ్రీక్వెన్సీ నుంచి మీద పడి తొక్కేస్తాయి. వెతుక్కుంటూ వెళ్ళి పిలవాలి. ఆదివారం రెండో పూట దాకా ఆగితే పరిస్థితి తిరగబడుతుంది, గట్టిగా వినపడే వాళ్ళందరినీ పెద్ద స్టేషన్లు అప్పటికే లాగ్‌లో (కాంటాక్టుల చిట్టాలో) రాసేసుకుని ఉంటాయి, గంటకి చేసే కాంటాక్టుల రేట్ పడిపోతుంది, కొత్త కాల్‌సైన్ ఒక్కటి దొరికినా చాలని నాయిస్‌లో చెవి పెట్టి వెతుకుతుంటారు. శనివారం మనల్ని వినిపించుకోని స్టేషనే ఆదివారం రెండో పిలుపుకి పలుకుతుంది.

సీడబ్ల్యూలో (మోర్స్ కోడ్‌లో) ఒక చిన్న కిటుకు ఉంది. అవతలి ఆపరేటర్ సీక్యూ ఆపగానే పది మంది క్లస్టర్ స్పాట్ (ఏ స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో ఇంటర్నెట్‌లో వచ్చే కబురు) నొక్కి ఒకే ఫ్రీక్వెన్సీ మీద దూకుతారు, అందరి టోనూ ఒకటే అయిపోయి ఒక ముద్ద వినపడుతుంది. నేను ఒక 60, 70 హెర్ట్జ్ పక్కకి జరిగి, ఆ గోల కాస్త పలచబడేదాకా ఆగి, కాల్‌సైన్ ఒక్కసారి పంపుతాను. పలచటి సిగ్నలే అయినా టోన్ వేరు కాబట్టి ఆ చెవికి తగులుతుంది, రెండక్షరాలూ ఒక క్వశ్చన్ మార్కూ తిరిగొస్తాయి. ఆ రెండక్షరాలు నావే! అప్పుడు మొత్తం కాల్‌సైన్ రెండుసార్లు, తొందర లేకుండా. ఒక అక్షరం తప్పు పట్టారా, ఆ ముక్క మాత్రమే మళ్ళీ పంపాలి. 599 అని సిగ్నల్ రిపోర్టు, జోన్ నంబరు, అయిపోయింది. ఇంట్లో యాంప్లిఫయర్ పెట్టి చేసిన నూరు కాంటాక్టుల్లో కూడా ఆ ఒక్కదానికున్న రుచి నాకు దొరకలేదు.

మొబైల్‌లో (కారులోంచి ఆడితే) అయితే కథ పూర్తిగా మారిపోతుంది. సాంకేతికంగా చూస్తే కారు స్టేషన్ అన్నిటికన్నా బలహీనం, 40 మీటర్లకి క్వార్టర్ వేవ్ అంటే 10 మీటర్లు కావాలి, మన దగ్గరున్నది రెండు రెండున్నర మీటర్ల విప్పు, మిగతాది లోడింగ్ కాయిల్‌తో సర్దుకోవాలి, పంపిన పవర్‌లో ఎక్కువ భాగం కాయిల్‌లోనూ నేలలోనూ వేడై పోతుంది. ఆల్టర్నేటర్ కూత ఉంటుంది, బానెట్, డోర్లు, సైలెన్సర్ గొట్టం అన్నిటినీ అల్లిన రాగి పట్టీలతో బాడీకి కలపాలి, వైర్లకి ఫెరైట్లు తొడగాలి. ఇంత చేసినా సిగ్నల్ అంతంతమాత్రమే. కానీ అమెరికాలో స్టేట్ క్యూఎస్ఓ పార్టీలు (ఒక్కో రాష్ట్రం పేరు మీద జరిగే కాంటెస్టులు, క్యూఎస్ఓ అంటే కాంటాక్ట్) చూడండి, కాలిఫోర్నియాది అక్టోబర్ మొదటి పూర్తి వీకెండ్‌లో జరుగుతుంది, 58 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), కొన్నిట్లో హామ్స్ చాలా తక్కువ. అలాంటి కౌంటీలోకి కారు అడుగుపెట్టిందంటే చాలు, అందరూ దాన్నే వెతుకుతారు. కౌంటీ మారగానే అదే కాల్‌సైన్ మళ్ళీ కొత్తది, పొద్దున్న చేసినవాళ్ళే మళ్ళీ పిలుస్తారు, డ్యూప్ (లెక్కలోకి రాని రెండోసారి కాంటాక్ట్) కాదు. రెండు కౌంటీల సరిహద్దు మీద ఆపితే ఒకే కాంటాక్ట్‌కి రెండు కౌంటీలు. ఇంట్లో ఉన్న పెద్ద స్టేషన్‌కి ఇది చచ్చినా రాదు, టవరు కదలదు కదా.

వీహెచ్ఎఫ్‌లో (ఇంకా పై ఫ్రీక్వెన్సీల్లో) రోవర్లది, అంటే చోట్లు మారుస్తూ ఆడేవాళ్ళది, కూడా ఇదే దారి. మెయిడెన్‌హెడ్ గ్రిడ్ అని 1980లో ఇంగ్లాండ్‌లో ఆ పేరున్న ఊళ్ళో కూర్చుని ఒప్పుకున్న, భూమిని గడులుగా విడదీసే లెక్క, ఒక్కో గడి రెండు డిగ్రీల రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశం. నాలుగు గడులు కలిసే మూల దగ్గరికి వెళ్తే కొద్ది దూరం జరుగుతూ ఒకే స్టేషన్‌ని నాలుగుసార్లు చెయ్యొచ్చు. ముందే మ్యాప్ మీద ఎత్తైన చోట్లు, బండి ఆపుకునే వీలు, ఏ గడిలో ఎంతసేపు అన్నది రాసుకుని వెళ్ళినవాళ్ళదే స్కోరు. ఒక మాట గట్టిగా చెప్తాను, బండి నడిపేవాళ్ళు వేరు, లాగ్ రాసేవాళ్ళు వేరు ఉండాలి, ఒక్కరే అయితే ఆపి మాట్లాడండి.

ఎవరితోనైనా కలిసి మొదలుపెట్టాలంటే ఏఆర్ఆర్ఎల్ (అమెరికా హామ్స్ సంఘం) ఫీల్డ్ డే లాంటివి ఉండనే ఉన్నాయి, 1933 నుంచి నడుస్తోంది, జూన్ నాలుగో పూర్తి వీకెండ్, 5 వాట్లకి మించకుండా బ్యాటరీ మీదో సోలార్ మీదో చేస్తే కాంటాక్టుల పాయింట్లు అయిదు రెట్లవుతాయి. ఇంకో అంచున డబ్ల్యూఆర్‌టీసీ (జట్లుగా ఆడే ప్రపంచ ఛాంపియన్‌షిప్) ఉంది. 2014లో న్యూ ఇంగ్లాండ్‌లో 59 జట్లు, ఇద్దరిద్దరు, టెంట్లలో, అందరికీ ఒకే రకం యాంటెన్నాలు, 100 వాట్లు, ఎవరో ఏమిటో తెలియకుండా అప్పటికప్పుడు చేతికిచ్చిన కాల్‌సైన్లు. చోటూ సామానూ సమానం చేసేశాక కూడా మొదటి జట్టుకీ చివరి జట్టుకీ స్కోరులో చాలా తేడా వచ్చింది. స్థానబలం అందరికీ ఒకటే అయినప్పుడు మిగిలేది చెవీ చెయ్యీనే, వాటికి సాధన కావాలంటే బలహీనమైన స్టేషన్‌ని మించిన గురువు లేదని నా గట్టి నమ్మకం.

ఆ డబ్ల్యూఆర్‌టీసీ కూడా ఐఏఆర్‌యూ (అంతర్జాతీయ హామ్ సంఘాల సమాఖ్య) హెచ్ఎఫ్ ఛాంపియన్‌షిప్‌లో భాగంగానే జరుగుతుంది, జూలై రెండో పూర్తి వీకెండ్, శనివారం 1200 యూటీసీ నుంచి 24 గంటలు. చిన్న స్టేషన్లకి నేను ముందు దీన్నే చెప్తాను, ఒకే బ్యాండ్ మీద ఒకే స్టేషన్‌ని సీడబ్ల్యూలో ఒకసారి, ఎస్ఎస్‌బీలో (నోటితో మాట్లాడి) ఒకసారి చెయ్యొచ్చు, ఒక్కరోజే కాబట్టి బ్యాటరీ లెక్క కూడా తేలిక. లాగ్ పంపేటప్పుడు పవర్ కేటగిరీ క్యూఆర్‌పీ (5 వాట్లకి మించనిది) అనో లో పవర్ అనో సరిగ్గా పెట్టండి, లేకపోతే కిలోవాట్ వాళ్ళ లిస్టులో పడతారు. ఈసారి నేను నీళ్ళ పక్కన వర్టికల్‌తో ఉంటాను, పగలు 20, చీకటి పడ్డాక 40. పలచగా ఎవరైనా పిలుస్తుంటే వదలకుండా వింటాను, మీరూ పిలవండి.