డిలీట్ కానని మొండికేసిన ఫోల్డర్

చూపులేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. చదివింది చదివినట్టు ముందు వేవ్ ఫైళ్లుగా దాచుకుని, తప్పులు దిద్దాక ఎంపీ3గా మార్చి పంపిస్తాను. వేవ్ ఫైళ్లు చాలా పెద్దవి. నేను పెట్టుకున్న క్వాలిటీలో గంట చదివితే 500 ఎంబీ పైనే అవుతుంది. ఒక పెద్ద పుస్తకం పూర్తయ్యేసరికి డిస్కు నిండుతుంది. అందుకే పుస్తకం అప్పజెప్పగానే పాత ఫైళ్లకు ఒక కాపీ బయటి డిస్కులో వేసి, కంప్యూటర్‌లోంచి తీసేయడం నాకు అలవాటు.

ఆ రాత్రి తీసేయబోతే ఫోల్డర్ కదల్లేదు. ‘ఈ ఫైలు మరో ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది కాబట్టి ఈ పని పూర్తి చేయలేం’ అని మెసేజ్. నేనేమో అన్నీ మూసేశాను. తెర మీద ఒక్క విండో కూడా లేదు. మళ్లీ ప్రయత్నించు, మళ్లీ ప్రయత్నించు అని నొక్కుతూనే ఉన్నాను. మర్నాడు ఉదయమే కొత్త పుస్తకం మొదలుపెట్టాలి, డిస్కులో చోటు లేదు. ఒకటే టెన్షన్.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది నాకు తెలుసు. బలవంతంగా తీసేసే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి వెతికి, ముందూ వెనకా చూడకుండా దించేసుకుంటారు. నేను ఆ పని చేయకుండా రిసోర్స్ మానిటర్ తెరిచాను. ఇది విండోస్‌లోనే ఉంటుంది. స్టార్ట్ మెనూలో దాని పేరు టైప్ చేస్తే వస్తుంది. అందులో సీపీయూ ట్యాబ్‌కు వెళ్తే ‘అసోసియేటెడ్ హ్యాండిల్స్’ అని ఒక వరుస, పక్కనే వెతికే పెట్టె కనిపిస్తాయి. తీయాల్సిన ఫైలు పేరులో కొంత భాగం ఆ పెట్టెలో కొడితే, దాన్ని ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో చూపిస్తుంది.

నేను కొట్టగానే ఆడియో ఎడిటర్ పేరు వచ్చింది. విండో మూసేసి అరగంట దాటింది, కానీ ప్రోగ్రామ్ లోపల బతికే ఉంది. మౌస్ ‘ఎండ్ ప్రాసెస్’ మీదికి వెళ్లింది. ఎందుకో ఒక్క క్షణం ఆగి పక్కనున్న డిస్క్ ట్యాబ్ చూశాను. అదే ఎడిటర్, సెకనుకు ఇంత అని ఏదో రాస్తూనే ఉంది. చివరి పాఠం ఎంపీ3 ఇంకా తయారవుతోంది! అన్నీ మార్చేశాననుకుని విండో మూశాను గానీ, అది తన పని తాను చేసుకుపోతోంది. ఆ వేవ్ ఫైలును చదువుతూనే ఎంపీ3 రాస్తోంది, అందుకే వదల్లేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆరేడు నిమిషాలకు జాబితాలోంచి దాని పేరు దానంతటదే పోయింది. డిలీట్ నొక్కితే ఫోల్డర్ ఒక్క మాట లేకుండా వెళ్లిపోయింది. నేను తొందరపడి ఉంటే ఆ పాఠం సగంలో తెగిపోయేది.

విండోస్‌లో జరిగేది ఇదే. ఒక ప్రోగ్రామ్ ఫైలు తెరిచేటప్పుడు, ‘నేను చూస్తుండగా ఇతరులు చదవొచ్చా, రాయొచ్చా, తీసేయొచ్చా’ అన్నది తనే చెబుతుంది. తీసేయడానికి ఒప్పుకోకపోతే, ఆ ప్రోగ్రామ్ ఫైలును వదిలేదాకా ఎవరు అడిగినా విండోస్ కుదరదనే అంటుంది. విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. దాని తీరు వేరు. తెరిచి ఉన్న ఫైలును కూడా తీసేయనిస్తుంది. పేరు పోతుంది కానీ, ప్రోగ్రామ్ మూసేదాకా డిస్కులో చోటు మాత్రం ఖాళీ కాదు. పెద్ద ఫైలు తీసేశాక కూడా డిస్కు నిండుగానే ఉందని అక్కడివాళ్లు తల పట్టుకునేది అందుకే.

ఇంకోసారి ఫైలును పట్టుకున్నది ఫైల్ ఎక్స్‌ప్లోరరే. కుడివైపు ప్రివ్యూ తెరిచి ఉంచాను. ఫైలు మీద ఒకసారి నొక్కానో లేదో, ప్రివ్యూ కోసం అదే ఫైలును తెరిచి కూర్చుంది. ప్రివ్యూ మూసి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేస్తే సరిపోయింది. ప్రతిసారీ రిసోర్స్ మానిటర్ ఎందుకనుకునేవాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే పనిముట్ల కట్టలో ఫైల్ లాక్‌స్మిత్ అని ఉంది. 2022లో వచ్చింది. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే ఎవరు పట్టుకున్నారో అక్కడే చెబుతుంది. ఏదీ తేలకపోతే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దానితో సమానం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న చోట షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం డిస్కులో అలాగే భద్రపడి, ఆన్ చేయగానే అదే తిరిగి లేస్తుంది. రీస్టార్ట్‌లో అయితే అంతా కొత్తగా మొదలవుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ‘లెసన్ 7’ ఫోల్డర్ ఒక ఎత్తు. నాలాగే పుస్తకాలు చదివి రికార్డు చేసే ఒకాయన లినక్స్ వాడతారు. తన రికార్డింగులు నా బయటి డిస్కులో వేసి ఇచ్చారు. అన్నీ తెరుచుకున్నాయి, ఇదొక్కటి తప్ప. తెరవబోతే ‘ఈ అంశం కనబడలేదు’ అంటుంది. తీసేయబోయినా అదే మాట. ఎదురుగా కళ్లకు కనిపిస్తున్న ఫోల్డర్‌ను లేదంటే ఏమనుకోవాలి? పేరైనా మారుద్దామని ఎఫ్2 నొక్కాను. పేరంతా నీలం రంగులోకి మారింది. ఆ నీలం 7 అంకె దగ్గర ఆగలేదు. దాన్ని దాటి ఒక అక్షరమంత ముందుకు పోయింది. అప్పుడు అర్థమైంది. ఏడు తర్వాత ఒక స్పేస్ ఉంది.

లినక్స్‌లో పేరు చివర స్పేస్ ఉన్నా, చుక్క ఉన్నా ఇబ్బంది లేదు. విండోస్ మాత్రం మనం అడిగిన పేరు చివర ఉన్న స్పేసులూ చుక్కలూ కోసేసి ఆ తర్వాత వెతుకుతుంది. స్పేస్ లేని ‘లెసన్ 7’ ఆ డిస్కులో లేదు కాబట్టి, కనబడలేదని నిజమే చెప్పింది. ఒకవేళ ఉండి ఉంటే? నేను దీన్ని తీస్తున్నాననుకుని దాన్ని పోగొట్టుకునేదాన్నేమో. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

దీనికి దారి కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో ఉంది. ఫోల్డర్ పూర్తి చిరునామాకు ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక ప్రశ్నార్థకం, మళ్లీ ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ‘పేరును నువ్వేమీ సవరించకు, నేను రాసింది రాసినట్టు తీసుకో’ అని దాని అర్థం. మొత్తం చిరునామాను కోట్స్‌లో పెట్టి, ఏడు తర్వాత స్పేస్ ఉంచి, ముందు ఫోల్డర్‌ను తీసేసే ఆర్‌డీ అనే కమాండ్, దాని పక్కన లోపలివాటితో సహా అని చెప్పే స్లాష్ ఎస్ ఇచ్చాను. నిజంగా తీసేయాలా అని అడిగింది. చిరునామాను అక్షరం అక్షరం మళ్లీ చదివి వై నొక్కాను. పోయింది. ఇలా తీసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు, నేరుగా పోతాయి. అసలు కాపీ ఆయన దగ్గర ఉందని ముందే ఫోన్ చేసి అడిగి మరీ చేశాను. విండోస్ తన సొంతానికి ఉంచుకున్న సీఓఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్ లాంటి పేర్లతో ఫైలు వచ్చి పడినా ఇదే మార్గం. అక్కడ ఆర్‌డీ బదులు డీఈఎల్ అన్న కమాండ్ వాడాలి.

ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయి చిరునామా 260 అక్షరాలు దాటితే ఎక్స్‌ప్లోరర్ చేతులెత్తేస్తుంది. పై ఫోల్డర్ల పేర్లను ఒక్కో అక్షరానికి కుదిస్తే చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది.

పర్మిషన్ లేదని వచ్చే మెసేజ్ విషయంలో మాత్రం నేను చాలా కచ్చితంగా ఉంటాను. పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్కులో మన సొంత ఫోల్డరే మనల్ని రానివ్వకపోతే, టేక్‌ఓన్ కమాండ్‌తో యాజమాన్యం మన పేరు మీదికి మార్చుకోవడంలో తప్పు లేదు. మా తమ్ముడు అదే చిట్కాను సీ డ్రైవ్‌లో, విండోస్ తన యాప్‌లు దాచుకునే ఫోల్డర్ మీద ప్రయోగించాడు. కాస్త చోటు కలిసొస్తుందని వాడి ఆశ. ఆ సాయంత్రం నుంచి యాప్‌లు ఒక్కొక్కటిగా తెరుచుకోవడం మానేశాయి. పర్మిషన్లు తిరిగి సరిచేయడానికి ఇద్దరం రెండు రాత్రులు కూర్చున్నాం. చివరికి విండోస్ మళ్లీ వేసుకోక తప్పలేదు. అప్పటినుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను: సీ డ్రైవ్‌లో చోటు కావాలంటే సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్లండి, అక్కడ అది తీసేయొచ్చని చూపించినవే తీయండి.

ఈమధ్య ఎదురైనది వీటిలో దేనికీ చెందనిది. బయటి డిస్కులో ఒక ఫోల్డర్ తీయబోతే ‘ఫైలు లేదా డైరెక్టరీ పాడైంది, చదవడం కుదరదు’ అంది. ఇది ఎవరో పట్టుకోవడం కాదు, ఫైళ్ల లెక్కలు రాసుకునే చోటే దెబ్బతింది. విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ అనే కమాండ్ నడిపితే లెక్కలు సరిచేస్తుంది. కానీ ఆ సరిచేయడంలో కొన్ని ఫైళ్లు పోనూవచ్చు. అందుకని ముందు చదవగలిగినవన్నీ వేరే డిస్కులోకి మార్చుకున్నాను. అది తెల్లవారుజాము దాకా పట్టింది. ఆ తర్వాతే చెక్‌డిస్క్‌కు, తప్పులు సరిచేయమని చెప్పే స్లాష్ ఎఫ్ తగిలించి నడిపాను. పని అయ్యాక చూస్తే డిస్కులో ‘ఫౌండ్’ అని ఒక కొత్త ఫోల్డర్ ఉంది. ఏ ఫైలువో తెలియని, తల్లీదండ్రీ లేని ముక్కలను చెక్‌డిస్క్ అందులో పేరు చివర సీహెచ్‌కే అనే తోకతో పెట్టి ఉంచుతుంది. ఒకటి చాలా పెద్దగా కనిపించింది. తోక తీసేసి వేవ్ అని మార్చి ప్లే చేశాను. నా గొంతే! కాపీ లేదనుకున్న పాఠంలో 11 నిమిషాలు చక్కగా వినబడింది, ఆ తర్వాత నిశ్శబ్దం. మిగిలిన భాగం నిన్న మళ్లీ చదివి రికార్డు చేశాను, ఈసారి కాపీ రెండు చోట్ల పెట్టి.