మా డాబా మీది ట్యాంకుతో ధ్వని పాఠం

మా ఇంట్లో మోటారు వేయడం అందరికీ గుర్తుంటుంది, ఆపడం ఎవరికీ గుర్తుండదు. ట్యాంకు నిండగానే మోగే అలారం బజార్లో దొరుకుతుంది. కానీ నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇద్దరం కలిసి చేస్తే పాఠం కూడా అవుతుందని మేమే మొదలుపెట్టాం.

ముందు చేసింది చిన్న సర్క్యూట్. స్విచ్‌లా పనిచేసే ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ, బజర్, ట్యాంకులోకి రెండు రాగి తీగలు. నీళ్లు పై తీగను తాకగానే ట్రాన్సిస్టర్‌ను ఆన్ చేసే కాలికి (బేస్‌కు) కాస్త కరెంటు అంది బజర్ మోగేది. కొన్నాళ్లకు తీగ కొన పచ్చగా మారి అరిగిపోయింది. విద్యుద్విశ్లేషణ అంటే ఏమిటో పిల్లలకు చూపించడానికి దాన్ని క్లాసుకు పట్టుకెళ్లాను. ఇంట్లో వాడే నీళ్లలో రాగి కరగడం మాత్రం నాకు నచ్చలేదు.

అందుకని నీళ్లను తాకని అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు మారాం. ట్యాంకులో ఎప్పుడూ తేమే కాబట్టి వాటర్‌ప్రూఫ్ రకం తెచ్చాం. అది 20 సెంటీమీటర్ల లోపు దూరాన్ని సరిగా చూడలేదు, కాబట్టి ట్యాంకు నిండినా అంతకంటే ఎక్కువ ఎడం ఉండేంత ఎత్తులో బిగించాం. అది పంపే 40 కిలోహెర్ట్‌జ్ ధ్వని మన చెవికి వినబడదు. నీటిని తాకి తిరిగొచ్చే సమయాన్ని ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు కొలుస్తుంది. ఆ సమయాన్ని ధ్వని వేగంతో గుణించి, సగం చేస్తే దూరం. సగం ఎందుకో అమ్మాయే చెప్పింది: "వెళ్లాలి, మళ్లీ రావాలి కదమ్మా!"

అసలు ఆనందం మిట్టమధ్యాహ్నం దొరికింది. టేపుతో కొలిస్తే మీటరు, వంటింట్లో పెట్టిన డిస్‌ప్లేలో మాత్రం 97 సెంటీమీటర్లు. పొద్దున రెండూ సరిగ్గా కలిశాయి. ప్రోగ్రామ్‌లో వేగం సెకనుకు 343 మీటర్లని రాశాం. అది 20 డిగ్రీల లెక్క. ఎండకు ట్యాంకులో గాలి 35 డిగ్రీలకు చేరితే వేగం 352 దాకా పెరుగుతుంది, ప్రతిధ్వని తొందరగా వచ్చేస్తుంది. ఉష్ణోగ్రతను బట్టి ధ్వని వేగం మారుతుందన్న వాక్యాన్ని ఎన్నేళ్లుగానో బోర్డు మీద రాస్తున్నాను. ఒక పిల్ల దాన్ని డాబా మీద తానే పట్టుకోవడం నేను చూసింది ఇదే మొదటిసారి. తర్వాత ఉష్ణోగ్రత సెన్సర్ కూడా కలిపాం.

ఇప్పుడు మా అత్తయ్య వంటింట్లోంచే "ఇంక చాలు, మోటారు ఆపండర్రా" అంటున్నారు. మోటారు దానంతటదే ఆగేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెడదామని అమ్మాయి పట్టుబడుతోంది. 230 వోల్టుల దగ్గర తనని చేయి పెట్టనివ్వను. ఆ కనెక్షన్ ఎలక్ట్రీషియన్ ఇస్తాడు, ప్రోగ్రామ్ తను రాస్తోంది.