మా చర్చి స్లాబుకి క్రిస్మస్ కానుకలు, బ్యాంకులో నేను పడ్డ మాటలు

ఈ క్రిస్మస్‌కి మా ఊరి చర్చికి స్లాబు పడింది. కానుకల లెక్కంతా స్త్రీల సమాజం తరఫున నేనే చూశాను. ఎక్కడైనా చిన్న సంఘం వాళ్లు కొత్త మందిరం మొదలుపెడుతుంటే పనికొస్తుందని రాస్తున్నాను. కోపం ఇంకా చల్లారలేదు, అది కూడా ఇందులో ఉంటుంది.

ఊళ్లో వసూలు కష్టం కాలేదు. నవంబరు చివర్లో పేర్లు రాసిన కవర్లు ఇంటింటికీ పంచాం, క్యారల్స్‌కి వెళ్లినప్పుడు తిరిగి తీసుకున్నాం. ఏడాది పొడుగునా పిడికెడు బియ్యం తీసిపెట్టిన ఆడవాళ్లు ఆ సంచులు తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేశాం. పత్తి తీతలకి వెళ్లే ఒక పెద్దావిడ కవరు విప్పితే అన్నీ పది, ఇరవై రూపాయల నోట్లే. మడతల్లో పత్తి నూగు ఇంకా అంటుకునే ఉంది. ఆ నోట్లు లెక్కపెడుతుంటే నాకు కళ్లు తడిశాయి. పది రూపాయలిచ్చినా రసీదు రాయండి. మా పాస్టరు అయ్యగారు మొదటి రోజు చెప్పిన మాట ఇదే, చివరికి మమ్మల్ని కాపాడిందీ ఇదే.

ఉద్యోగస్తులు ఆదాయపు పన్ను తగ్గింపు కోసం 80జి రసీదు అడుగుతారు. మతపరమైన పనికే ఖర్చుపెట్టే సంఘానికి అది రాదని ముందే చెప్పేయండి. ఇచ్చేవాళ్లు ఎలాగూ ఇస్తారు.

ఇక బ్యాంకు సంగతి. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. "అక్కా, స్లాబు ఇనుము ఖర్చు నాది, క్రిస్మస్ కానుకగా పంపిస్తా" అన్నాడు. పంపేముందు అడిగి తెలుసుకుందామని సొసైటీ పాస్‌బుక్కు, రిజిస్ట్రేషన్ కాగితాలు పట్టుకుని మా ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్లాను. కౌంటరు వెనక కూర్చున్న ఆఫీసరు చర్చి పేరు చదివి, తలెత్తకుండానే, హాలంతా వినపడేట్టు అన్నాడు: "మతం మార్చడానికి వచ్చే డాలర్లు మా బ్రాంచికి వద్దమ్మా. మీ పాస్టరునే రమ్మను, నీతో నాకేం పని?"

వెనక లైనులో పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లున్నారు, డ్వాక్రా గ్రూపు వాళ్లున్నారు, నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారు. ముప్పై ఏళ్లకి పైగా ఇదే మండలంలో లెక్కల పాఠం చెప్పినదాన్ని. నన్ను ఆ ఊళ్లో ఎవరూ నువ్వు అని పిలవరు. నోట మాట రాలేదు. కాగితాలు సర్దుకుంటుంటే చేతులు వణికాయి. మా వాళ్లు పిడికెడు బియ్యంతో లేపిన పిల్లర్లవి. ఈ ఇచ్చే అలవాటు మాకు నిన్న మొన్న వచ్చింది కాదు. 1912లో బిషప్ అయిన అజరయ్య గారు దోర్నకల్‌లో కూలిజనం నిండిన సంఘాలకి నేర్పిందే అది. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ లేవడానికి ఏళ్లూ పూళ్లూ పట్టి, 1939లో ప్రతిష్ఠ అయింది. అంత ఓపిగ్గా ఇచ్చిన జనాన్ని పట్టుకుని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో!

తర్వాత ఒక టేబులు మీద నుంచి ఇంకో టేబులు. ఒకాయన ఢిల్లీ పర్మిషన్ కావాలన్నాడు, ఏ పర్మిషనో చెప్పలేదు. ఇంకొకాయన గొంతు తగ్గించి, "మీ సొంత అకౌంటులో వేయించుకోండి, డ్రా చేసి చర్చికిచ్చేయండి" అన్నాడు. దేవుడి ఇంటికి దొడ్డిదారి డబ్బు నేను తీసుకురాను. అలా చెప్పేవాళ్ల మాట మీరూ వినకండి, రేపు కేసు పడితే వాళ్లు మీ పక్కన నిలబడరు.

అసలు రూలు గుంటూరులో ఒక ఆడిటరు విప్పి చెప్పాడు. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం చూడాల్సింది డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందని కాదు, ఇచ్చినవాళ్లు ఏ దేశ పౌరులని. మా తమ్ముడు అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా చట్టం లెక్కలో విదేశీయుడే. అతని డబ్బు తీసుకోవాలంటే సంఘానికి హోం శాఖ రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి సంస్థ పెట్టి మూడేళ్లు దాటాలి, ఆ మూడేళ్లలో పదిహేను లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మా సంఘానికి అయ్యే పని కాదు.

కానీ మా మరదలు పాస్‌పోర్టు ఇప్పటికీ ఇండియాదే. తనూ అక్కడ ఉద్యోగం చేస్తుంది. భారత పౌరులు పరదేశంలో ఉండి తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. విషయం చెప్పగానే, "వదినా, నా జీతంలోంచి నేనిస్తాను" అంది. తన ఎన్నారై ఖాతా నుంచి పంపింది, పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకున్నాం. ఇలాంటి కానుక వస్తే మీరూ ఆ నకలు అడిగి తీసుకోండి, మొహమాటపడకండి.

హోం శాఖ వాళ్ల ప్రశ్నలు, జవాబుల కాగితం ప్రింటు తీయించి, భారత పౌరుల సొంత సంపాదన గురించిన జవాబు కింద ఎర్ర సిరాతో గీత గీసి, అదే ఆఫీసరు ముందు పెట్టాను. చదివాడు. రసీదు కట్ట మొత్తం తిరగేశాడు. అందులో పది రూపాయల రసీదులు కూడా ఉన్నాయి. ఎక్కడా తప్పు దొరకలేదు. కాగితంతో పాటు నేను రాసిచ్చిన ఉత్తరం నకలు మీద అందినట్టు ముద్ర వేసి ఇచ్చాడు, అన్న మాటకి మాత్రం క్షమాపణ చెప్పలేదు. పై ఆఫీసుకి ఫిర్యాదు రాశాను, జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.

మీరు వెళ్తే ఒక్కరే వెళ్లకండి. నోటిమాటతో కాదంటే కాగితం మీద రాసిమ్మని అడగండి. రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు, అప్పుడు రూలు వెతుకుతారు.

క్రిస్మస్ రోజు ఆరాధనలో జమాఖర్చులు చదివి వినిపించాను, పత్తి తీతల పెద్దావిడ పేరుతో సహా. ఇప్పుడు గచ్చు, తలుపులు మిగిలాయి. తమ్ముడి డబ్బు కోసం ఢిల్లీకి ముందస్తు అనుమతి దరఖాస్తు పెడదామని కమిటీలో కొందరంటున్నారు. నేను వద్దన్నాను. గచ్చు వరకు ఈస్టరు కవర్లతో అవుతుంది, తలుపుల కలప మా ఊరి వడ్రంగి అప్పు మీద ఇస్తానన్నాడు.