కడుపు తరుక్కుపోయిన ప్రభువు

నాయీను ఊరి గవిని దగ్గర ఒక పాడె బయటికి వస్తోంది. చనిపోయినవాడు తల్లికి ఒక్కగానొక్క కొడుకు. ఆమె విధవరాలు. ఆమె యేసును ఏమీ అడగలేదు. ఆయన కూడా నీకు విశ్వాసముందా అని ఆమెను అడగలేదు. "ప్రభువు ఆమెను చూచి ఆమెయందు కనికరపడి" అంటాడు లూకా (7:13).

ఆ "కనికరపడి" ఉన్నచోట గ్రీకులో స్ప్లాంఖ్నిజోమై అనే క్రియ ఉంది. అది స్ప్లాంఖ్న అనే నామవాచకం నుంచి పుట్టింది. స్ప్లాంఖ్న అంటే గుండె, కాలేయం, పేగులు, ఇలా మనిషి లోపలున్నవన్నీ. యేసును అప్పగించిన యూదా చావు గురించి "అతని పేగులన్నియు బయటికి వచ్చెను" (అపొస్తలుల కార్యములు 1:18) అని చదువుతాం కదా, అక్కడున్నదీ ఇదే మాట. అంత పచ్చి మాట ఇది. మన అమ్మలు "కడుపు తరుక్కుపోయింది" అన్నప్పుడు ఏం చెబుతారో, లూకా ప్రభువు గురించి చెబుతున్నది అదే. ప్రార్థనల్లో కనికరం, కనికరం అని పలికి పలికి దాన్ని పైనుంచి ఎవరో విదిలించే దయగా వినడం మనకు అలవాటైపోయింది. నాయీనులో జరిగింది అది కాదు.

ఈ క్రియ కొత్త నిబంధనలో 12 సార్లు వస్తుంది, అన్నీ మత్తయి, మార్కు, లూకా సువార్తల్లోనే. దాదాపు ప్రతిచోటా అది యేసు గురించో, ఆయన చెప్పిన ఉపమానాల్లోని మనుషుల గురించో. ఒక్క మార్కు 9:22లో మాత్రం దయ్యం పట్టిన కొడుకును తెచ్చిన తండ్రి నోట వస్తుంది, అతడు అడుగుతున్నదీ యేసునే.

లూకాలో మూడు చోట్లే ఉంది. మూడింటిలోనూ ముందు చూడటం, ఆ తర్వాత కడుపులో కదలిక, వెంటనే కాళ్లలో కదలిక. నాయీనులో ప్రభువు దగ్గరకు వచ్చి పాడెను ముట్టాడు. దారిలో దెబ్బలు తిని పడివున్నవాణ్ణి మంచి సమరయుడూ చూశాడు, "జాలిపడి" దగ్గరకు పోయి గాయాలు కట్టాడు. అతనికంటే ముందు యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు, ఇద్దరూ పక్కనుంచి వెళ్లిపోయారు. వాళ్ల కళ్లకేమీ లోపం లేదు. చూసిన తర్వాత రావలసిన ఈ ఒక్క క్రియ వాళ్ల కథలో లేదు, అంతే.

మూడోది తప్పిపోయిన కుమారుని తండ్రి (15:20). నా మనసు ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. కొడుకు ఏం చెప్పాలో దారిలోనే సిద్ధం చేసుకున్నాడు: పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి తగను, నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. వాడు నోరు తెరవకముందే, ఇంకా దూరంగా ఉండగానే, తండ్రి కన్నపేగు కదిలింది. ఆ ముసలాయన పరుగెత్తి వాడి మెడమీద పడ్డాడు. పశ్చాత్తాపం విని కరగడం కాదిది, వినకముందే కరిగిపోవడం. కూలివాడి మాట కొడుకు నోటి దాకా రానేలేదు, 21వ వచనం చూడండి.

పౌలు ఫిలేమోనుకు రాసింది 25 వచనాల చిన్న పత్రిక. అందులో స్ప్లాంఖ్న అని మూడుసార్లు అన్నాడు. దాసుడైన ఒనేసిమును తిరిగి పంపుతూ, అతడు నా స్ప్లాంఖ్న అన్నాడు (12వ వచనం). మన బైబిలులో "నా ప్రాణమువంటివాడు" అని ఉంది. యజమాని ఫిలేమోనుకు అతడు దాసుడు, పౌలుకు కడుపున పుట్టినంతవాడు.

యోహాను తన మొదటి పత్రికలో (3:17) ఈ మాటను తిరగేసి వాడాడు. బతకడానికి ఉన్నవాడు సహోదరుని లేమిని చూస్తాడు, చూసి తన స్ప్లాంఖ్నకు తలుపు వేసుకుంటాడు. అలాంటివానిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని యోహాను అడుగుతున్నాడు. అడుగుతున్నది సంఘం బయటివాళ్లను కాదు, "చిన్న పిల్లలారా" అని పిలుచుకున్న విశ్వాసులను.